నాలుగో ఫోను

ఈ తలుపు ఎప్పుడూ సరిగ్గా పడదు. పదహారేళ్ళుగా చూస్తున్నాను, ఏ అధికారి వచ్చినా మొదటి వారం "ఈ తలుపు సంగతి చూడండయ్యా" అంటాడు, రెండో వారానికి అతనికీ అలవాటైపోతుంది, చివరికి అటెండరు ఏదో పాత నివేదిక అట్ట మడిచి సందులో దోపుతాడు. ఇవాళ దోపిన అట్ట నాదే. నీలం రంగు, కింద నా పేరు, ఆరేళ్ళనాటి ప్రగతి నివేదిక. మూడు నెలలు వేళ్ళు కాయలు కాచేలా రాసింది తలుపు కొట్టుకోకుండా కాపలా కాస్తోంది. నేను వరండాలో ఇనప బెంచీ మీద, ఒళ్ళో పాత ఫైళ్ళు పెట్టుకుని, ఆ తలుపుకి కాపలా కాస్తున్నాను. లోపల ఏసీలో, తెర ముందు నిలబడి, గుండుసూది మాట్లాడుతోంది. "మీరు బయటే ఉండండి, అవసరమైతే పిలుస్తాం" అన్నారు పెద్దసారు నాతో, అదీ ముఖం చూడకుండా, మంచినీళ్ళ సీసా మూత తీసుకుంటూ. పదకొండుకి మొదలైంది, గోడ గడియారంలో పదకొండూ పది, అవసరం ఇంకా రాలేదు.

గుండుసూది అన్న పేరు నేను పెట్టిందే. సన్నగా ఉంటుంది, మాట గుచ్చుకుంటుంది, ఏ కాగితాల మధ్య చూసినా అదే ఉంటుంది. పేరు దాని చెవిన పడితే ఏడుస్తుందేమో, కనీసం నాలుగు రోజులు మూతి ముడుచుకుంటుందేమో అనుకున్నాను. నవ్వింది. మర్నాడు గుండుసూదుల డబ్బా ఒకటి కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టుకుని "మా చుట్టాలక్కా" అంది. ఒళ్ళు మండింది నాకు. నన్నెవరైనా అలా అంటే మూడు రాత్రులు నిద్ర పట్టదు, అలాంటిది అది నవ్వెలా నవ్వుతుంది? అసూయ అనే మాట అప్పుడు అనుకోలేదు, కుర్రతనం అనుకున్నాను, పొగరు అనుకున్నాను, కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందని పక్క సెక్షన్ ఆవిడతో కూడా అన్నాను. ఇప్పుడు ఇక్కడ ఒంటరిగా కూర్చుని ఎవరికి దాచాలి? అసూయే. దాని జుట్టు మీద అసూయ, గొంతు మీద అసూయ, లోపల ఇప్పుడు దగ్గి, నీళ్ళు తాగి, "క్షమించండి" అని మళ్ళీ మొదలుపెట్టింది చూడండి, ఆ తొణక్కపోవడం మీద అసూయ.

మేం చేసే పని చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. ఆడవాళ్ళ మీద హింసను అంతం చేస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది, ఆ మాట ఏడాదికి ఎంత ముందుకు నడిచిందో కొలిచి పుస్తకం వేయడం మా విభాగం పని. హెల్ప్‌లైనుకి ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎన్ని ఫిర్యాదులు తేలాయి, ఎన్ని తేలలేదు. ఫారంలో రెండే గడులు: పరిష్కారమైంది, పెండింగు. పెండింగు ముప్పై రోజులు దాటితే పైవాళ్ళకి సంజాయిషీ రాయాలి. నేను వచ్చిన కొత్తలో ఆ సంజాయిషీలు గుట్టలు, రాసేవాళ్ళు రాస్తూనే ఉండేవాళ్ళు, తిరిగి ఫోను చేస్తే ఎత్తని ఆడవాళ్ళ ఫైళ్ళే వాటిలో సగం. అప్పుడు నేను ఒక్క వాక్యం రాశాను: మూడుసార్లు ఫోను చేసినా ఎత్తని పక్షంలో సమస్య పరిష్కారమైనట్టు భావించవచ్చు. భావించవచ్చు! ఆ మాట తట్టినందుకు ఆ రోజంతా నా భుజం నేనే తట్టుకున్నాను. అరవై ఒక్క శాతం ఉన్న పరిష్కారం ఆ ఏడాది ఎనభై రెండుకి లేచింది. అప్పటి పెద్దసారు లేచి నిలబడి చేయి కలిపారు. ఎనభై రెండు ఇప్పటికీ ఎనభై రెండే, ఏటా పుస్తకం అట్ట మీద, నా బిడ్డ ఫొటోలా.

గుండుసూది వచ్చి మూడేళ్ళయింది. వచ్చిన రెండో నెల్లోనే నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. "అక్కా, ఎత్తనివాళ్ళు ఎందుకు ఎత్తలేదో మనకెలా తెలుస్తుంది?" అంది. ఎత్తలేదంటే అవసరం తీరిందనే కదా అన్నాను. "మా అమ్మ ఫోను నేను ఎత్తకపోతే అవసరం తీరిందనుకోదక్కా. చచ్చానేమో అనుకుంటుంది" అని నవ్వింది. సెక్షనంతా నవ్వారు. నేనూ నవ్వాననే గుర్తు, పళ్ళు బిగించి. పిట్ట కొంచెం కూత ఘనం అన్నాడు హెడ్ గుమాస్తా మెచ్చుకోలుగా. పదహారేళ్ళలో నన్ను ఎవరైనా పిట్ట అన్నారా, కూత ఘనమన్నారా? "మేడమ్ గారి దస్తూరీ ముత్యాలండీ" అన్నారు, అంతే.

అలా మొదలైంది దాని నాలుగో ఫోను. మూడు ఫోన్లతో మూసేసిన ఫైళ్ళు నాలుగు వేల పైచిలుకు, వాటిలోంచి కళ్ళు మూసుకుని అరవై తీసింది. ఆ అరవై మందికీ ఆఫీసు ఫోను నుంచి నాలుగోసారి చేసింది. ఎత్తితే మాట్లాడింది, ఎత్తకపోతే అడ్రసు పట్టుకుని వెళ్ళింది. ఎండలో, స్కూటరు వెనక, మొగుడు నడుపుతుంటే. ఆ మొగుడొకడు! పొద్దున్నే గేటు దగ్గర దింపుతాడు, ఇది దిగి నడుస్తూ ఉంటుంది, వాడు వెనక నుంచి నడిరోడ్డు మీద అరుస్తాడు: "ఏయ్, డబ్బా మర్చిపోయావ్!" ఇది వెనక్కి కూడా తిరగదు. "నువ్వే తినేయ్, ఉప్పెక్కువేశావ్!" అని అరుస్తుంది. వాడు నవ్వుకుంటూ వచ్చి చేతికిచ్చి పోతాడు. మొదటిసారి చూసినప్పుడు నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ఉద్యోగం కాదు, తెర ముందు నిలబడటం కాదు, నాకు నిజంగా కావాల్సింది ఆ వీపు. మొగుడికి వీపు తిప్పి, వెనక ఏం జరుగుతోందో చూడకుండా, వాడిని తిట్టుకుంటూ నడిచిపోయే వీపు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను ఆయనకి వీపు తిప్పి గదిలోంచి బయటికి నడవలేదు. పక్కకి జరిగి నడుస్తాను, గోడ వెంట. అలవాటైపోయింది, ఆఫీసులో కూడా అలాగే నడుస్తాను, దాన్ని వినయం అంటారు.

లోపల ఎవరో నవ్వారు. అది ఏదో చెప్పి నవ్వించింది కాబోలు. ఇంత బరువైన విషయంలో నవ్వించడమేమిటి? నేనైతే నవ్వించను. నేనైతే అసలు తల ఎత్తను. ఒళ్ళో ఫైళ్ళ మీద ఉన్నది దాని నివేదిక ముసాయిదా ప్రతి, చదవకూడదనుకుంటూనే ఇందాకటి నుంచి అంచులు మడుస్తున్నాను. చదివితే బాగుంటుందని భయం. సరే, తీశాను. బాగుంది. వాక్యాలు చిన్నవి, ఒక్క "భావించవచ్చు" కూడా లేదు. అరవైలో పన్నెండు మంది నిజంగానే కుదుటపడ్డారు. ముప్పై ఆరు మంది ఎక్కడున్నవాళ్ళు అక్కడే, అవే దెబ్బలు, అదే ఇల్లు. ఇద్దరు లేరు. లేరు అని అంతే రాసింది, కింద ఇద్దరి వయసులు. తొమ్మిది మంది మన సాయం లేకుండానే బయటికి వచ్చేశారు. ఒకావిడ చెప్పిన మాట యథాతథంగా రాసింది: "మీరు మూడుసార్లు చేశారమ్మా, ఆయన మూడుసార్లూ పక్కనే ఉన్నాడు. నాలుగోసారి చేస్తారేమోనని ఫోను దిండు కింద పెట్టుకున్నాను. చెయ్యలేదు. అప్పుడు లేచాను." కుట్టుపని చేస్తుందట, రెండు సూట్‌కేసులు, ఒక మిషను, ఆటో. ఆ మనిషి మీద ఎంత అసూయ కలిగిందో చెప్పలేను. ముఖం తెలియదు, ఊరు తెలియదు, అయినా ఆ మిషను ఆటోలోకి ఎక్కిస్తుంటే ఎవరు పట్టుకున్నారు, ఏ చేత్తో తలుపు వేసింది, అన్నీ కావాలనిపించింది. అప్పుడు లేచాను అంటుంది! ఏమిటమ్మా అంత సులువుగా లేవడం?

చివర్లో పట్టిక. ఒకటి నుంచి అరవై దాకా వరుసలు, పేర్లు లేవు, నంబర్లలో చివరి రెండంకెలు మాత్రం ఉన్నాయి. యాభై తొమ్మిది వరుసలు నిండుగా ఉన్నాయి. అరవయ్యోది ఖాళీ. వయసు లేదు, మాట్లాడిన తేదీ లేదు, ఫలితం దగ్గర ఒక అడ్డగీత. ఇంత జాగ్రత్తగల మనిషి ఇదేం పొరపాటు అనుకున్నాను, లోపల చిన్న సంతోషం కూడా, అబద్ధమెందుకు. చిక్కిందే గుండుసూది అనుకుంటూ అంకెలు చూశాను. ఏడు, మూడు. మళ్ళీ చూశాను. ఫిర్యాదు వచ్చిన తేదీ చూశాను, నాకు తెలిసిన తేదీ. ఏడు, మూడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి దానంతటదే సంచిలోని ఫోను తడిమింది.

తొమ్మిదేళ్ళయింది. నాలుగు వేల ఫైళ్ళలో అది దొరకదని గుండె మీద చేయి వేసుకుని పడుకున్నాను. స్నానాల గది, తలుపు గడియ, కుళాయి పూర్తిగా తిప్పి బకెట్టు నిండి పొర్లుతుంటే, చెవి ఇంకా గుయ్యిమంటుంటే మా హెల్ప్‌లైనుకే ఫోను చేశాను. ఎవరో చిన్నపిల్ల గొంతు. ఫోను ఎత్తేవాళ్ళకి నేను రాసిచ్చిన కాగితం చదివింది, మొదటి ప్రశ్న, నేను రాసినదే, ఎన్ని తప్పులు రాసినా నేను రాసిన ఒక్క మంచి వాక్యం: "మీరు ఇప్పుడు మాట్లాడే వీలున్న చోట ఉన్నారా?" లేను అన్నాను. పెట్టేశాను. అంతే, ఇంకో మాట లేదు. మర్నాడు సెలవు. ఆయన పేపరు చదువుతున్నారు, ఫోను మా ఇద్దరి మధ్య బల్ల మీద. పదిన్నరకి మొదటిది మోగింది. "ఎవరు?" అన్నారు, పేపరు దించకుండా. ఏదో కంపెనీ వాళ్ళండీ అన్నాను. ఒంటిగంటకి రెండోది. ఆయన పేపరు దించారు. నాలుగింటికి మూడోది, మోగినంతసేపూ ఆయన నన్ను చూశారు, నేను ఫోనుని చూశాను, గోధుమరంగు బల్ల మీద అది వణుక్కుంటూ కొంచెం పక్కకి జరిగింది. ఆగింది. మూడు. ఇంకొకటి వస్తుందేమో, ఎవరైనా లెక్క తప్పితే, కొత్త పిల్ల కదా, పొరపాటున నాలుగోసారి చేస్తే, ఆయన లేచి పెరట్లోకి వెళితే! చీకటిపడేదాకా కూర్చున్నాను. ఎవరూ లెక్క తప్పలేదు. ఆ వాక్యం అంత గట్టిగా రాశాను మరి. సోమవారం ఆఫీసుకొచ్చాక నా బల్ల మీదికే వచ్చాయి వారం లెక్కలు, నేనే సంతకం పెట్టాను. ఆ ఎనభై రెండులో నేనూ ఉన్నాను.

ఆ తరువాత రెండో సంగతి తట్టింది, తట్టగానే బెంచీ మీద నిటారుగా కూర్చున్నాను. రెండు నెలల కింద, సెలవు పెట్టి ఇంట్లో ఉన్న రోజు, మధ్యాహ్నం ఆఫీసు నంబరు నుంచి ఫోను వచ్చింది. "హలో" అన్నాను. అవతల మాట లేదు. ఎవరది అంటే కాసేపటికి గుండుసూది గొంతు: "అక్కా? మీరా?" నేను కాక ఇంకెవరే అన్నాను. "ఏం లేదక్కా. పొరపాటున కలిసింది. పడుకోండి." పని చేసుకోకుండా ఫోన్లతో ఆటలేమిటని తిట్టి పెట్టేశాను. మర్నాటి నుంచే కదా అది నాకు కుర్చీ జరపడం, లిఫ్టు పట్టుకోవడం, ఒకరోజు ఊరికే వచ్చి పక్కన కూర్చుని "టీ తాగుదామా అక్కా" అనడం. పదోన్నతి జాబితాలో నా సంతకం కావాలి, కాకా పడుతోందనుకున్నాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు, ఈ కాలం పిల్లలింతే అని పక్క సెక్షన్ ఆవిడతో అన్నాను.

తెలుసు దానికి. రెండు నెలలుగా తెలుసు. ఒక్కసారి కూడా కళ్ళల్లో జాలి చూపించలేదు, చెవులు కొరుక్కోలేదు, ఎక్కడా తొణకలేదు. ఒక అడ్డగీత గీసి ఊరుకుంది. నేను తొమ్మిదేళ్ళు నోరు మూసుకున్నాను, ఆ నోరు మూసుకోవడమే నాకు బాగా చేతనైన పని అనుకున్నాను. అందులో కూడా ఇది నన్ను మించిపోయింది. ఇంకేం మిగిల్చావే నాకు?

లోపల గొంతులు మారాయి. నవ్వులు ఆగిపోయాయి. పెద్దసారు గొంతు సందులోంచి స్పష్టంగా వస్తోంది: "అమ్మా, అరవై అన్నారు. యాభై తొమ్మిదే ఉన్నాయి. ఈ ఒక్కరూ ఏమయ్యారు?" దాని జవాబు వినపడలేదు. డిప్యూటీ డైరెక్టరు అందుకున్నాడు, ఈయనా మా ఆయనా రోజూ సాయంత్రం పార్కులో కలిసి నడుస్తారు: "ఒక వరుస ఖాళీ ఉన్న పట్టికని ఎలా నమ్మాలి? మిగతావి మాత్రం నిజంగా అడిగారని గ్యారంటీ ఏంటి?" అది ఏదో అంది, మెల్లగా. "చెప్పలేను అంటే కుదరదు కదమ్మా" అన్నారు పెద్దసారు.

అటెండరు ఖాళీ కప్పుల ట్రేతో బయటికొచ్చాడు. తలుపు కొట్టుకుంటుంటే వంగి నీలం అట్ట మళ్ళీ దోపాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"ఆ ఒక్క మనిషి ఎవరో చెప్పమంటున్నారమ్మా. ఆ పిల్ల చెప్పనంటే చెప్పనంటోంది. చెప్పకపోతే రిపోర్టు తిప్పి పంపేసి, పాత లెక్కే ప్రింటుకి పంపుతారంట. పుస్తకం ఇవాళే వెళ్ళిపోవాలి కదా." ట్రే మార్చి పట్టుకున్నాడు. "మంచి పిల్లమ్మా. ఒక్క మాటకి అంత పట్టుదల ఎందుకో!"

వెళ్ళిపోయాడు. పాత లెక్క అంటే ఎనభై రెండు. నా ఎనభై రెండు. ఏమీ చెయ్యక్కర్లేదు, ఇక్కడే కూర్చుంటే చాలు, ఇంకో పది నిమిషాల్లో గుండుసూది బయటికొస్తుంది, మొహం వాడిపోయి ఉంటుంది, నేను "పోనీలేవే, వచ్చే ఏడాది చూద్దాం" అంటాను, ఆ మాట నాలుక చివర తియ్యగా ఉంది కూడా. పుస్తకం అట్ట మీద నా అంకె మళ్ళీ వస్తుంది. ముప్పై ఆరు మంది పరిష్కారమైపోతారు, ఆ ఇద్దరూ పరిష్కారమైపోతారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే అనేది మా అమ్మ, ఏం జరిగినా అదే మాట, నా పెదవి వాచి వెళ్ళినప్పుడు కూడా అదే. ఇప్పుడు గదిలోకి వెళ్ళి నోరు తెరిస్తే సాయంత్రం ఐదున్నరకి పార్కులో ఆయన చెవిన పడుతుంది. ఆయన ఇప్పుడు కొట్టరు. రెండేళ్ళయింది, అవసరం లేకుండా పోయింది, గ్లాసు కింద పెట్టే చప్పుడు చాలు. ఆ చప్పుడు ఇవాళ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అసలు ఇవాళ ఆ ఇంటికి వెళ్ళాలా అని ఒక ఆలోచన వచ్చింది, ఆటోలో కుట్టుమిషను కనిపించింది. నాకు మిషను లేదు. ఒక సూట్‌కేసు ఉంది, అటక మీద.

నోరు తెరిస్తే ఏమవుతుంది? పుస్తకం దానిదవుతుంది. అరవైకి అరవై నిండుతాయి, అందరూ దానికే చేయి కలుపుతారు, నా బతుకు దాని పట్టికలో ఒక వరుస. ఇంత ఇచ్చి నాకొచ్చేది ఏమిటి, నిబంధన రాసింది నువ్వేనా అని సంజాయిషీ అడిగే కాగితం. ఛీ, ఈ క్షణంలో కూడా ఎవరికి చేయి కలుపుతారన్నదే నా ఏడుపు! ఏడుపే. దాని మీద నా కుళ్ళు పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు. దాన్ని అక్కడ నిలబెట్టి అడుగుతున్నారు, నా పేరు నోట్లో పెట్టుకుని అది చెప్పనంటోంది. దాని అంత గొప్ప నేను కాలేను. కనీసం దానికి బాకీ పడి ఉండలేను. అంతే, అంతకుమించి మంచితనమేమీ లేదు ఇందులో.

లేవబోయాను. నా కాళ్ళు గోడ వెంట తప్ప నడవవు. ఆ గదిలో పదకొండు మంది తలలు తిప్పి చూస్తారు. సంచిలోంచి ఫోను తీశాను. నొక్కాను. లోపల బల్ల మీద గుండుసూది ఫోను వణకడం తలుపు సందులోంచి నాకు వినపడింది. ఎవరో విసుక్కున్నారు. ఒకటి, రెండు, మూడుసార్లు మోగింది, పెట్టేద్దామనుకున్నాను. నాలుగోసారి ఎత్తింది.

"అక్కా, మీటింగులో ఉన్నాను" అంది. ఆ గొంతు నాకు ఒక చెవిలో ఫోనులోంచి, రెండో చెవిలో తలుపులోంచి వినపడుతోంది.

"తెలుసు. స్పీకరు పెట్టు" అన్నాను. "నీ అరవయ్యో నంబరు మాట్లాడుతోందని చెప్పు."

ఏసీ చప్పుడు, ఎవరిదో కుర్చీ. "అక్కా, వద్దు" అంది, చాలా మెల్లగా, ఈసారి ఫోనులోంచి మాత్రమే. "మీరు చెప్పక్కర్లేదు. నేను చూసుకుంటాను."

"చూసుకున్నావు చాలు. స్పీకరు పెట్టవే."

ఏదో నొక్కిన చప్పుడు. నా ఊపిరి నాకే తలుపు అవతలి నుంచి పెద్దగా వినపడింది. డిప్యూటీ డైరెక్టరు "ఎవరూ?" అన్నాడు. అది అతనికి జవాబు చెప్పలేదు. గొంతు సవరించుకుంది, అక్కా అనలేదు, పేరు పెట్టి పిలవలేదు. కాగితంలో ఉన్న మొదటి ప్రశ్న, నా ప్రశ్న, నేను జీవితంలో ఎప్పుడూ అడగలేనంత మెత్తగా అడిగింది. అందుకూ కుళ్ళుకున్నాను.

"మీరు ఇప్పుడు మాట్లాడే వీలున్న చోట ఉన్నారా?"

కాలితో నీలం అట్టని తోశాను. తలుపు బార్లా తెరుచుకుంది, అందరూ తిరిగి చూశారు.

"ఉన్నాను" అన్నాను.